ఎర్రబడని పసుపు

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ రాస్తే పంచాంగమంత లావవుతుంది. ఈ అధ్యాయానికి ఒక్కటి చాలు. పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో ప్రొఫెసర్ భానుమూర్తిగారు తాము తాగిన కాఫీ గ్లాసు తాము కడిగిన పాపాన పోలేదు. "తప్పయింది" అన్న మాట కూడా ఆ నోట నేను వినలేదు. మూసారాంబాగ్ వంతెన దగ్గర నీళ్లొచ్చాయని టీవీలో చెబుతుంటే, వద్దంటున్నా కారు అటే తిప్పి, మధ్యాహ్నమంతా అక్కడే ఇరుక్కుని, ఇంటికొచ్చాక "మూసీకి టైమింగు లేదు" అన్న మనిషి.

అలాంటి మనిషి ఇవాళ పొద్దున్న నా గాజు సీసా కడిగారు.

అది మాగాయ కోసం కోఠీలో కొనుక్కున్న సీసా. మూతకి రబ్బరు, రబ్బరు మీద తీగ క్లిప్పు, గాలి దూరదు. రెండు నెలల కిందట నన్నడక్కుండా దాన్ని తీసుకుని, సైటు నుంచి తెచ్చిన సున్నం పొడి నింపి, "శాంపిలు, ముట్టుకోకు" అని హుకుం జారీ చేసి అటకెక్కించారు. ఇవాళ చూస్తే సింకు పక్కన బోర్లించి ఉంది. తళతళలాడుతోంది. నేను వెళ్లి ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాను. జ్వరం లేదు.

"ఏంటండీ ఈ విడ్డూరం?"

"నీ సీసా నీకిచ్చేశాను. రోజూ నస పెట్టావుగా." పేపర్లోంచి తల ఎత్తలేదు.

నేను సంతోషించాను. మనిషి సంతోషంలో ఉన్నప్పుడు బుర్ర సెలవు పెడుతుంది.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి వంటింట్లో స్థిరపడిన నన్ను డిటెక్టివ్ వేదవతి అని పిలిచేది మా దిల్‌సుఖ్‌నగర్ అపార్ట్‌మెంట్ వాళ్లు. లేడీస్ హాస్టల్లో ల్యాప్‌టాప్‌ల దొంగని పట్టించిన దగ్గర్నుంచీ మొదలైంది ఆ పేరు. ఎస్సై మహేందర్ అప్పటికే వేరే అబ్బాయిని స్టేషన్లో కూర్చోబెట్టి ఉన్నాడు కాబట్టి, ఆయనకి నా మీద మంట కూడా అప్పుడే మొదలైంది. మా ఆయన మాత్రం నా డిటెక్టివ్ పనిని "నీ హాబీ" అంటారు, అల్లికల గురించి అన్నట్టు.

కాఫీ అవకముందే బెల్ మోగింది. గుమ్మంలో స్వప్న.

పది రోజుల కిందట ఎల్‌బీనగర్‌లో కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్ పోర్టికో స్లాబు కూలిపోయింది. కింద మంచం వేసుకుని పడుకున్న వాచ్‌మన్ గోపయ్య అక్కడికక్కడే పోయాడు. స్లాబుని మోస్తున్న సెంట్రింగు తొందరపడి విప్పేశాడని మేస్త్రీ శేఖర్‌ని జైల్లో పెట్టారు. స్వప్న శేఖర్ భార్య. నల్లగొండ దగ్గర ఊరు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ఆ సైటులోనే పనిచేసేవాళ్లు.

ఆ బిల్డింగు కడుతున్న వంశీకృష్ణ మా ఆయన పాత స్టూడెంటు. అందులో వాడిన సిమెంటు మిశ్రమం మా ఆయన తయారుచేసింది. స్లాబు ఎందుకు కూలిందో తేల్చమని పోలీసులు అడిగింది కూడా మా ఆయననే. వండినవాణ్ణే పిలిచి, కూర ఎలా ఉందో కాగితం మీద రాసిమ్మన్నారన్నమాట. మిశ్రమం బ్రహ్మాండంగా ఉంది, తప్పంతా మేస్త్రీది అని ఆయన రాశారు. ఇవాళ సాయంత్రం నాలుగింటికి ఎస్సై వచ్చి దాని మీద సంతకం తీసుకుంటాడు. సంతకం పడితే శేఖర్ ఇప్పట్లో బయటికి రాడు.

"సార్ కాళ్లు మొక్కనీకి వచ్చిన అమ్మా," అంది స్వప్న.

సార్ అప్పటికే స్నానానికి వెళ్లి గొళ్లెం పెట్టుకున్నారు. నేను స్వప్నని వంటింట్లోకి తీసుకెళ్లాను. కుర్చీ వద్దని నేల మీద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"కాళ్లు తర్వాత మొక్కుదువు గానీ, అడిగినదానికి చెప్పు. సెంట్రింగు ముందే విప్పేశాడా మీ ఆయన?"

"ఒక్క దినం ముందుగాల ఇప్పలే అమ్మా. బిల్డర్ సార్ చెప్పిన లెక్క ఎంతనో అంత ఆగిండు. ఇంక రెండొద్దులు ఎక్కువనే ఆగిండు, వానలని. పిల్లల మీద ఒట్టు."

"ఒట్లు వద్దు. నువ్వక్కడ ఏం పని చేసేదానివి?"

"సున్నం పని నాదే. సంచులిప్పుడు, జల్లెడ పట్టుడు, షెడ్డుల తాటిపత్రి పరిచి పల్చగ ఆరబోసుడు. పొద్దుగాల ఒకపారి, మాపటికి ఒకపారి కలిపేది. వానలు పడవట్టె కద, సంచులల్ల గడ్డలు గడుతున్నదని."

"ఎవరు ఆరబొయ్యమన్నారు?"

"మా ఆయన చెప్పిండు. ఆయనకెవలు చెప్పిన్రో నాకు తెల్వది."

"ఎన్నాళ్లు అలా ఆరింది?"

"శానా దినాలు. ఆనకాలమంత గదే పని. పోర్టికోకు ఏసింది గా ఆరబోసిన సున్నమే."

ఇక్కడ మా ఆయన జీవితం గురించి రెండు ముక్కలు చెప్పాలి. థర్మల్ కేంద్రాల్లో బొగ్గు కాలగా మిగిలే సన్నటి బూడిదని సిమెంటులో కలుపుతారు. ఉత్త బూడిదలో నీళ్లు పోస్తే బురదవుతుంది, అంతే. సున్నం తగిలితేనే అది నిద్రలేచి రాయిలా గట్టిపడుతుంది. సిమెంటు గట్టిపడేటప్పుడు తనలోంచి కొంత సున్నం తనే వదులుతుంది కాబట్టి కొద్దిగా బూడిద అయితే ఫరవాలేదు. ఎక్కువ బూడిద వెయ్యాలంటే మాత్రం విడిగా సున్నం కలపాలి. ఏ బూడిదకి ఎంత సున్నం, ఎంత సేపు, ఎంత నీరు అన్నదే ప్రొఫెసర్ భానుమూర్తిగారి జీవితం. నాతో పెళ్లి మధ్యలో ఒక ఆదివారం జరిగింది.

"చేతులు చూపించు," అన్నాను స్వప్నతో.

రెండు అరచేతులూ చాపింది. పాత మచ్చలున్నాయి గానీ చర్మం మానిపోయి నున్నగా ఉంది.

"సున్నం పని చేసే చేతులు ఇలా ఉండవే?"

"మొదలు మొదలు పగిలి నెత్తురు కారేది అమ్మా. అన్నం కలుపుకోనీకి రాకపోయేది, మండేది. కడమ స్లాబులన్నీ అట్లనే ఏసినం. తర్వాత తర్వాత మంట తగ్గింది. ఇగ అలవాటైందనుకున్న."

సున్నానికి చేతులు అలవాటు పడవు. ఆ మాట పైకి అనలేదు. స్వప్నకి ఒక ముద్ద ఉప్మా పెట్టి, నేను పోపుల డబ్బా తీసి, చిన్న సీసాడు నీళ్లలో పసుపు కలుపుకున్నాను.

పసుపులో సున్నం పడితే ఎరుపు. పెళ్లికూతురి పాదాల పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు, అంతా ఒకటే కెమిస్ట్రీ. అదే పసుపులో ముగ్గుపిండి కలిపితే పసుపు పసుపుగానే ఉంటుంది. రెండు పొడులూ తెల్లగానే ఉంటాయి, ధరలో మాత్రం చాలా తేడా. నా అనుమానం సరాసరి వెళ్లి వంశీకృష్ణ తెల్ల చొక్కా మీద వాలింది. సున్నం పేరు చెప్పి ముగ్గుపిండి దించాడు, చేతులు మండకపోవడానికి కారణం అదే, అనుకున్నాను. ఆ అనుమానం నాకెంతో నచ్చింది కూడా. వంశీకృష్ణ మా ఇంటికొచ్చిన ప్రతిసారీ నా చేతి కాఫీ తాగి, "సార్ లాంటివాళ్లు చెయ్యబట్టి" అంటాడు.

*

మెట్రో దిగి సైటుకి చేరేసరికి మధ్యాహ్నమైంది. పోర్టికో ఉండాల్సిన చోట రెండు స్తంభాలు మిగిలాయి. వాటి తలల్లోంచి ఇనప చువ్వలు వేలాడుతున్నాయి. కింద కాంక్రీటు పెళ్లల కుప్ప, దాని చుట్టూ పోలీసుల టేపు. టేపు లోపల విరిగిన మడత మంచం, ఒక చెప్పు.

నేను టేపు కింద నుంచి వంగాను.

"మేడం! మల్లొచ్చిన్రా?"

మహేందర్. బైకు స్టాండు వేస్తున్నాడు.

"మొదటిసారి వస్తున్నానండీ. మళ్లీ అంటారేం?"

"నా ప్రతి కేసుల మీరు మల్లొచ్చినట్టే ఉంటది. సీసాల ఏంది గది?"

"పసుపు నీళ్లు."

"పూజనా?"

"పరీక్ష."

మహేందర్ నవ్వలేదు. ఆకాశం వైపు చూసి, నా వైపు చూశాడు. "సూడున్రి మేడం. ఇంట్ల సార్ రిపోర్టు రాస్తడు, మేస్త్రీది తప్పని. బయట మీరు పసుపు చల్లుకుంట తిరుగుతరు, కాదని. నేను ఎవ్వల మాట పట్టుకోవాలె కోర్టుల? మీ ఇద్దరి పంచాయితీ మీ ఇంట్లనే తెంపుకోన్రి."

"తెగలేదనే ఇక్కడికొచ్చాను. శేఖర్‌ని కొట్టారా?"

"నేను కొట్టలే."

"ఎవరైనా కొట్టారా?"

హెల్మెట్ బండి అద్దానికి తగిలించాడు. "నేను మూల మీద చాయ్ తాగొస్త. వచ్చేటాలకు మీరు టేపు ఇవతల ఉండాలె. నాలుగింటికి మీ ఇంట్లనే కలుస్తం, సంతకానికి. సార్ చెప్తే ఇంట, పసుపు చెప్తే ఇనను."

అతను చాయ్‌కి వెళ్లాడు. అంతమాత్రం దయ చూపినందుకు నేను కూడా త్వరగానే ముగించాను.

ముందు మెట్ల పక్కన పడేసి ఉన్న పాత ముక్క తీసుకున్నాను. వానలకి ముందు వేసిన స్లాబుది. విరిగిన వైపు నాలుగు చుక్కల పసుపు నీళ్లు పోశాను. చూస్తుండగానే కుంకుమంత ఎరుపు. తర్వాత పోర్టికో ముక్క. చుక్కలు పడ్డాయి, కూర్చున్నాయి, అక్కడక్కడ లేత ఇటుక రంగు వచ్చింది, మిగతాదంతా నీరసంగా పసుపు. బొటనవేలితో రుద్దాను. కాంక్రీటు కదా, వేలు గీసుకుపోవాలి. వేలికి బూడిద అంటుకుంది. విభూతి పెట్టుకోవచ్చు. ఎవరూ నిద్రలేపని బూడిద.

షెడ్డులో తాటిపత్రి పట్టా మీద ఇంకా తెల్లపొడి పరిచి ఉంది. దాని మీద పసుపు నీళ్లు పోశాను. మారలేదు.

దొరికాడు వంశీ, అనుకుంటుండగా కారు ఆగింది. తెల్ల చొక్కా దిగింది.

"మేడం! మీరేంటి ఇక్కడ? సార్ రాలేదా?"

"సార్ సంతకం ప్రాక్టీసు చేసుకుంటున్నారు. వంశీ, సున్నం డబ్బుతో ముగ్గుపిండి ఎక్కడ కొన్నావు?"

మనిషి మొహం ఎర్రబడింది. పసుపు కంటే త్వరగా. "ముగ్గా? ఎవరన్నారు? సార్ చెప్పిన కంపెనీ సున్నమే మేడం. నేను ఎక్కడ పొదుపు చేసినా సార్ రాసిన దాంట్లో చెయ్యను. అంత గడ్డి తినే ఖర్మ నాకు లేదు."

"అయితే ఇది ఎందుకు ఎర్రబడదు?"

"అది మీకు తెలియాలి. కెమిస్ట్రీ మీది."

వంశీ కోపంలో నిజాయితీ ఉంది. అదే నాకు చికాకు పుట్టించింది. అప్పుడు తాటిపత్రి అంచున జల్లెడ వదిలేసిన గడ్డలు కనిపించాయి, రేగుపళ్లంత. ఒకటి తీసి రాయి మీద పెట్టి పగలగొట్టాను. రెండు చెక్కల మీదా పసుపు నీళ్లు పోశాను.

గడ్డ పైన పసుపు పసుపుగానే ఉంది. లోపల, నడిమధ్యలో, పచ్చి నెత్తురులా ఎర్రటి చుక్క.

ముగ్గుపిండికి లోపల ఎర్ర గుండె ఉండదు. ఇది సున్నమే. అసలైన సున్నం, బయటి నుంచి లోపలికి మెల్లగా చచ్చిపోయింది. సున్నాన్ని గాలికి వదిలేస్తే గాలి పీల్చుకుని ఉత్త సుద్దయిపోతుంది. వానాకాలం తడి గాలైతే ఇంకా తొందరగా. మా అత్తగారు తాంబూలంలో వేసుకునే సున్నం డబ్బా మూత ఎవరైనా తీసి వదిలేస్తే రోజంతా ఇంట్లో రేడియో అక్కర్లేదు. ఇక్కడ బస్తాలకి బస్తాలు విప్పి, జల్లెడ పట్టి, పలచగా పరిచి, ఏ మూలా గాలి తగలకుండా పోతుందేమోనని రోజుకి రెండుసార్లు తిరగేశారు. స్వప్న చేతులు మానింది అందుకే.

సున్నాన్ని ఎవరూ మార్చలేదు. శ్రద్ధగా చంపారు.

"వంశీ, దీన్ని ఆరబొయ్యమని శేఖర్‌కి చెప్పింది ఎవరు?"

"నేనే."

"నీకు చెప్పింది ఎవరు?"

వంశీ గడ్డ వైపే చూస్తున్నాడు. "వద్దు మేడం."

"ఎవరు?"

"మీరు అడిగారు కాబట్టి," అని జేబులోంచి ఫోను తీశాడు. వెతికాడు. ఒక వాయిస్ మెసేజి నొక్కి నా వైపు పట్టుకున్నాడు.

"వంశీ, సున్నం గడ్డలు కడుతోందన్నావు కదా. గడ్డలుంటే సరిగ్గా కలవదోయ్. బస్తాలన్నీ విప్పించెయ్. జల్లెడ పట్టించి, పలచగా ఆరబోయించు. రోజుకి రెండుసార్లు తిరగెయ్యమను. మా ఆవిడ మిరపకాయలు ఆరబోస్తుందే, అచ్చం అలాగ." చివర్న చిన్న నవ్వు.

ఆ నవ్వుతో ముప్ఫై ఏళ్లుగా ఒకే ఇంట్లో ఉంటున్నాను. వేరే ఎవరిదీ కాదు.

షెడ్డులో ఉక్కగా ఉంది. నేను తాటిపత్రి అంచు మీద కూర్చున్నాను. చీర తెల్లనైంది.

"ఇది పోలీసులకి వినిపించావా?" అన్నాను.

"రిపోర్టు రాస్తున్నది సారే కదా మేడం. ఆయన చెప్పింది ఆయనకి తెలియదా? మిశ్రమం బాగుందని ఆయనే అన్నాక నేనెవర్ని?"

"పైగా నీకూ సుఖం."

"సుఖమే. అబద్ధం ఎందుకు? మేస్త్రీ మీదకి పోతే నా మిగతా బిల్డింగులు ఆగవు."

మిగతా బిల్డింగులు. నేను లేచాను. "ఈ సున్నం ఇంకెక్కడికైనా వెళ్లిందా?"

మొదటిసారి వంశీ కళ్లు తప్పించాడు. "మీర్‌పేట్‌కి. అక్కడ కడుతున్న నా ఇంకో బిల్డింగు హాలు స్లాబుకి. సార్ చెప్పిన గడువు నిన్నటితో అయిపోయింది. ఇవాళ సాయంత్రం సెంట్రింగు విప్పుతున్నారు."

"కింద ఎవరైనా ఉంటున్నారా?"

"తిరుపతమ్మ ఉంది. గోపయ్య భార్య. ఇక్కడ ఉండలేనంటే నేనే అక్కడ వాచ్‌మన్ గది చూపించా. ఊరి నుంచి వాళ్ల చుట్టాలు కూడా వచ్చారు. గది చిన్నది కాబట్టి హాల్లోనే వంటా అదీ..." మధ్యలో ఆగాడు. "నేను దయతోనే చేశాను మేడం."

"ఆపించు. ఇప్పుడే ఫోన్ చెయ్యి."

"మీ పసుపు నీళ్లు చూసి ఆపాననుకోండి. రేపు ఆ బిల్డింగులో ఫ్లాటు ఎవరు కొంటారు? సార్‌ని ఒక్క మాట చెప్పమనండి. మిశ్రమంలో తప్పుందని ఆయన నోటితో అంటే ఆ క్షణమే ఆపేస్తాను. ఆయన మాట మీద కట్టాను, ఆయన మాట మీదే ఆపుతాను."

"సెంట్రింగు విప్పితే పడిపోతుంది వంశీ!"

"సార్ పడదన్నారు మేడం," అన్నాడు వంశీ.  కారెక్కి మీర్‌పేట్ వైపే పోనిచ్చాడు.

మా ఆయనకి ఫోన్ చేశాను. తియ్యలేదు. మధ్యాహ్నం నిద్రలో ఫోన్ మోగనివ్వరు. గడ్డ చెక్కలు రెండూ కొంగున ముడేసుకుని ఆటో ఎక్కాను.

*

మా గుమ్మం ముందు మెట్ల మీద స్వప్న కూర్చుని ఉంది. పొద్దుటి నుంచీ కదల్లేదు. హాల్లో మహేందర్ సోఫా అంచున కూర్చున్నాడు. ఎదురుగా మా ఆయన, కళ్లజోడు, మూత తీసిన పెన్ను. మధ్యలో టీపాయ్ మీద రిపోర్టు. కాఫీ కలపడం రాదు కాబట్టి ఎస్సైకి మంచినీళ్లిచ్చారు.

"సంతకం పెట్టకండి," అన్నాను.

"వేదా, ఇప్పుడు కాదు."

"ఇప్పుడే. మహేందర్ గారూ, ఒక్క నిమిషం కూర్చోండి. లేవకండి."

వంటింట్లోకి వెళ్లాను. సింకు పక్కన నా గాజు సీసా, తళతళలాడుతూ. శాంపిలు ఇందులోనే ఉండేది. సైటులో సున్నం గాలికి చచ్చిపోతుంటే, ఇది నా రబ్బరు మూత కింద బతికి ఉంది. ల్యాబులో పరీక్ష కోసం ఆయన కాంక్రీటు దిమ్మలు పోసుకుంది ఇందులోంచి తీసుకెళ్లిన సున్నంతోనే. అవి ఇనుములా వచ్చాయని భోజనాల దగ్గర ఆయనే చెప్పుకున్నారు. వాటిని చూసుకునే సెంట్రింగు గడువు చెప్పారు.

దాన్ని ఇవాళ కడిగారు. కాఫీ గ్లాసు కడగని మనిషి.

పొద్దున్న నేను చెయ్యి పెట్టి చూసిన ఆయన నుదురు గుర్తొచ్చింది. జ్వరం చూడాల్సింది అక్కడ కాదు.

కడిగారు గానీ, మూతకున్న రబ్బరు తీసి కడగాలని ఆయనకి ఎవరు చెబుతారు? గోటితో లాగాను. రబ్బరు వెనక గాడిలో తెల్లగా పేరుకుని ఉంది. మూతా, పళ్లెమూ, పసుపు నీళ్లూ పట్టుకుని హాల్లోకి వచ్చి, పళ్లెం రిపోర్టు మీద పెట్టాను. కొంగు ముడి విప్పి గడ్డ చెక్కలు పక్కన పెట్టాను.

"ఏందిది?" అన్నాడు మహేందర్.

"చూడండి." మూత గాడిలో పసుపు నీళ్లు పోశాను. గాడి పొడుగునా ఎర్రటి కంకణం లేచింది. "ఇది సారు పరీక్షించిన సున్నం. నా సీసాలో భద్రంగా ఉన్నది. ఈ గడ్డ స్లాబులో వేసిన సున్నానిది. చూడండి, పైనంతా పసుపే. గాలి తగిలి చచ్చిపోయింది. బూడిదని గట్టిపరిచే సత్తువ దీనికి లేదు. మేస్త్రీ గడువు ప్రకారమే విప్పాడు. ఆ గడువే తప్పు."

"పసుపుతో సైన్సు చెయ్యకు," అన్నారు మా ఆయన. గొంతులో ఎప్పటి ప్రొఫెసరే. "దిమ్మలు పరీక్షించాను. ఒక్కటి కూడా విరగలేదు. దిమ్మలు అబద్ధం చెప్పవు."

"చెప్పలేదు. నిజమే చెప్పాయి, నా సీసా గురించి. స్లాబు గురించి వాటికేం తెలుసు?"

మహేందర్ గ్లాసు కింద పెట్టాడు.

"ఇదంతా సరేనండీ," అన్నాను. "నాకు ఒక్కటి చెప్పండి. సీసా ఎందుకు కడిగారు?"

కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఫ్యాను తిరుగుతోంది.

"ముప్ఫై ఏళ్లలో ఒక్క గ్లాసు. ఒక్క చెంచా. ఎప్పుడైనా కడిగారా?"

"వేదా..."

"ఎస్సైగారు వచ్చే రోజే ఎందుకు కడిగారు? పోల్చి చూడటానికి బతికున్న సున్నం మిగలకూడదనా?"

పెన్ను మూత కోసం వెతుక్కున్నారు. అది చేతిలోనే ఉంది. నాతో కాదు, పళ్లెంతో అన్నట్టు అన్నారు. "గోపయ్య పోయిన మర్నాడు సైటుకి వెళ్లాను. ఒక ముక్క తీసి నలిపాను. పొడైపోయింది."

"అంటే మీకు తెలుసు."

"అనుమానం."

"తెలుసు."

"తెలిసి రాసిన్రా సార్?" అన్నాడు మహేందర్. అతని గొంతులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది. నా మీద మంటతో ఆయన్ని నమ్ముకున్న మనిషి.

"నా జీవితమంతా దీని మీదే పనిచేశాను మహేందర్," అన్నారు మా ఆయన. "బూడిద మీద. వృథాగా పోయే బూడిద మీద. ఒక్క స్లాబు కూలితే ఇంకెవ్వరూ దాన్ని ముట్టుకోరు. మిశ్రమం మంచిదే. ఇప్పటికీ మంచిదే."

"దాని కింద పడుకున్నవాడు కూడా మంచివాడేనండీ," అన్నాను. "ఇప్పుడు ఆ వాదన వద్దు. మీర్‌పేట్‌లో అదే సున్నం, అదే గడువు. సెంట్రింగు విప్పుతున్నారు. కింద తిరుపతమ్మ ఉంది. మీరు చెబితే తప్ప వంశీ ఆపడు."

ఆయన మొహంలో రంగు పోయింది. నా ఫోన్లో నేనే వంశీకి కలిపి, స్పీకర్ పెట్టి, ఆయన ముందు ఉంచాను.

"వంశీ..." గొంతు సవరించుకున్నారు. "ఆ సెంట్రింగు ఇవాళ విప్పకోయ్. వాతావరణం అంత బాగాలేదు."

"ఎండ కాస్తోంది సార్ ఇక్కడ."

"ఇంకో వారం చూద్దాం. జాగ్రత్త కోసం."

"సార్, కుర్రాళ్లు మొదలుపెట్టేశారు. హాల్లో ఒక పక్క స్లాబు కింద నిలబెట్టిన జాకీలు తీసేశారు కూడా." వెనక ఇనుము మీద సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి. ఆడవాళ్ల మాటలు, గిన్నెల చప్పుడు. "మిశ్రమం బాగుందని మీరే అన్నారు కదా సార్. మేడం ఏదో పసుపు నీళ్లని... మీరు చెప్పండి. తప్పుందా, లేదా?"

సుత్తి దెబ్బ. ఇంకొకటి.

ఆయన నా వైపు చూశారు. మహేందర్ వైపు చూశారు. స్వప్న మెట్ల మీద నుంచి లేచి గుమ్మంలో నిలబడింది. నేను ఆయనకి సాయం చెయ్యలేదు. ఆయన మాట ఆయనే అనాలి. నేను అందిస్తే అది నాదవుతుంది.

"వంశీ, తప్పుంది," అన్నారు.

"సార్?"

"సుత్తి ఆపించు! అందర్నీ బయటికి పంపించు. వంట వదిలేసి రమ్మను తిరుపతమ్మని. ఆ సున్నం చచ్చిపోయింది. ఆరబొయ్యమని చెప్పి నేనే చంపాను. ఆ స్లాబు నిలబడదు. విన్నావా? విన్నావా వంశీ?"

అవతల వంశీ కేకలు వేస్తున్నాడు. ఎవరో పరుగెడుతున్న చప్పుడు, ఒక గిన్నె దొర్లింది. సుత్తి ఆగింది. అందరం ఫోను మీదకి వంగాం. కాసేపటికి వంశీ మళ్లీ ఫోన్లోకి వచ్చాడు, రొప్పుతూ. "బయటికొచ్చేశారు సార్. అందరూ. స్లాబు అంచున సన్నగా పగులు కనిపిస్తోంది సార్. పొద్దున్న లేదు."

 మహేందర్ పళ్లెం కింద నుంచి రిపోర్టు లాగాడు. దాని మీద ఎర్రటి మరక అంటింది. మడిచి పక్కన పెట్టి, తన ప్యాడులోంచి తెల్ల కాగితం చింపాడు.

"సార్, గిది ఇంకోపారి చెప్పాలె. రాసుకుంట. మెల్లగ చెప్పున్రి."

మా ఆయన లేచి నిలబడ్డారు. ఎస్సై వైపు తిరగలేదు. గుమ్మం దగ్గరికి నడిచారు. స్వప్న వెనక్కి జరిగి, అలవాటు కొద్దీ ఆయన కాళ్ల వైపు వంగబోయింది. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టారు. ఆ నున్నటి అరచేతులు ఆయన చేతుల్లో పడ్డాయి. వాటినే చూస్తూ అన్నారు.

"మీ ఆయన తప్పేం లేదమ్మా. తప్పు నాది."